ముందున్నడా, ఎనకున్నడా? కారు రేసుకు తెలుగులో కామెంటరీ ఎలా చెప్పాలి

మా నాయిన జీవితంలో చూసిన మొదటి ఫార్ములా వన్ రేసుకు కామెంటేటర్‌ని నేనే. టీవీ శబ్దం తీసేసి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని, నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడాను. టైర్ల రకాలు, రెక్కల కోణాలు, ఏ జట్టు ఏ ఇంజిన్ వాడుతుందో, అన్నీ వచ్చేశాయి. మంచం మీద పడుకుని ఓపికగా విన్న మా నాయిన చివరికి ఒక్కటే అడిగాడు: "అన్నీ మంచిగనే చెప్తున్నవ్ గని, గా ఎర్ర కారోడు ముందున్నడా, ఎనకున్నడా? ముందుగాల అది చెప్పు."

నలభై నిమిషాల్లో ఆ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదని రికార్డింగ్ విన్నాక తెలిసింది. వినేవాడికి ఈ క్షణంలో ఏ ప్రశ్న మెదులుతోందో కనిపెట్టి, దానికి జవాబు ముందు చెప్పాలి. నేను ఇంతవరకు నేర్చుకున్నది ఇదే. మిగతావన్నీ ఆ జవాబు వేళకు నోటికి రావడానికి చేసే ఏర్పాట్లు.

క్రికెట్‌కు, కబడ్డీకి తెలుగు కామెంటరీ మనకు అలవాటైపోయింది. తెలుగు కోసమే ఒక స్పోర్ట్స్ చానల్ 2018 డిసెంబరులో మొదలైంది. కారు రేసులు మాత్రం మన ఇళ్లలో ఇంకా ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే మోగుతున్నాయి. మిర్యాలగూడలోనో, జడ్చర్లలోనో, గద్వాలలోనో కూర్చుని ఆ పని తెలుగులో చేయాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు బండలాగుడు పోటీకి పోండి

నవ్వకండి. మేళ్లచెరువు శివరాత్రి జాతరకో, మీ దగ్గర్లో ఎడ్ల పందేలు జరిగే మరో చోటికో వెళ్లి, ఎడ్లను కాదు, మైకు పట్టుకున్న మనిషిని గమనించండి. ఎవరి జత, ఏ ఊరు, ఎన్ని పళ్ల (అంటే ఎడ్ల వయసు) విభాగం అన్నది మొదట చెప్తాడు. బండ కదిలిన తర్వాత అతని నోట మూడే మూడు విషయాలు తిరుగుతుంటాయి: ఇప్పటికి ఎన్ని అడుగులు లాగాయి, ఎన్ని నిమిషాలు మిగిలాయి, ఇంతకుముందు మొదటి స్థానంలో ఉన్న జత ఎంత లాగింది. గుంపులో ఆలస్యంగా వచ్చినవాడికి కూడా అర నిమిషంలో కథ అందుతుంది. ఎడ్లు గీత దగ్గర మళ్లేటప్పుడు గొంతు పెంచుతాడు, ఎందుకంటే కాలం వృథా అయ్యేది అక్కడే. తిన్నగా లాగేటప్పుడు తగ్గిస్తాడు.

కారు రేసు కూడా అచ్చం అంతే. ఎవరు ముందు, తేడా ఎంత, ఎన్ని ల్యాపులు (ట్రాక్ చుట్లు) మిగిలాయి. ఈ మూడూ రెండు మూడు నిమిషాలకోసారైనా మీ నోట రావాలి. మీకు విసుగనిపిస్తుంది. వంటింట్లోంచి అప్పుడే వచ్చి కూర్చున్న మనిషికి విసుగు ఉండదు.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. రేడియోలో చెప్పేవాడు బొమ్మ కూడా తనే గీయాలి. టీవీలో బొమ్మ ఉంది. "ఎర్ర కారు మలుపు తిరుగుతోంది" అని మీరు చెప్పక్కర్లేదు, కనిపిస్తూనే ఉంది. ఆ మలుపులో అతను నిన్నటికంటే ముందే బ్రేక్ ఎందుకు వేస్తున్నాడో అది చెప్పండి.

క్రియను ముందుకు లాగండి

ఇంగ్లిష్ కామెంటరీ విని నేర్చుకునేవాళ్లందరూ తట్టుకుని పడే రాయి ఇక్కడుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "పదకొండో మలుపులో లోపలి వైపు నుంచి హామిల్టన్ నోరిస్‌ను దాటేశాడు" అని బడిలో నేర్పినట్టు చెప్తే, "దాటేశాడు" అనే మాట వచ్చేసరికి కారు మరో మలుపులో ఉంటుంది. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 83 మీటర్లు పోతుంది. మీ వాక్యానికి మూడు సెకన్లు పడితే పావు కిలోమీటరు అయిపోయింది.

మన ఇళ్లలో అలా ఎవరూ మాట్లాడరు కూడా. "పడ్డడే! పిల్లగాడు పడ్డడు, అరుగు మీంచి!" అంటాం. జరిగింది ముందు, ఎవరికి జరిగిందో తర్వాత, ఎక్కడో చివర. అదే పట్టండి: "దాటేశాడు! హామిల్టన్... నోరిస్‌ను, లోపలి నుంచి." ఇది వ్యాకరణ దోషం కాదు, మాట్లాడే తెలుగు నడక. వార్తలు చదివిన అలవాటున్నవాళ్లకు ఇది ఒంటబట్టడానికి నెలలు పడుతుంది. నాకు పట్టింది.

రీప్లే వస్తే కాలం మార్చండి. నేరుగా జరుగుతున్నప్పుడు "వస్తున్నాడు, వస్తున్నాడు, లోపలికి దూరాడు." రీప్లేలో తాపీగా పాత వాక్యం: "చూడండి, ఇక్కడే అతను బ్రేక్ ఆలస్యంగా వేశాడు." వాక్యం నడక మారడంతోనే ఇది పాత దృశ్యమని వినేవాడికి తెలిసిపోవాలి. లేకపోతే ఒకే ఓవర్‌టేక్ రెండుసార్లు జరిగిందనుకుంటారు.

ఒక్కో డ్రైవర్‌కు అర పేజీ

2026 నుంచి ఫార్ములా వన్‌లో 11 జట్లు, 22 కార్లు. ఒక జట్టు కార్లు రెండూ ఒకే రంగు. తెరమీద రెండు సెకన్లు కనబడి మాయమయ్యే కారులో ఉన్నది ఎవరో ఎలా తెలుస్తుంది? డ్రైవర్ తల వెనక, కారు అన్నిటికంటే ఎత్తైన చోట చిన్న కెమెరా డబ్బా ఉంటుంది. జట్టులో ఒక కారుకు అది నల్లగా, రెండో కారుకు మెరిసే పసుపు రంగులో ఉండటం ఆనవాయితీ. హెల్మెట్ రంగులు రేసు రేసుకు మార్చే మహానుభావులున్నారు కాబట్టి వాటిని పూర్తిగా నమ్మకండి. 2014 నుంచి డ్రైవర్లు తమ నంబరు తామే ఎంచుకుంటున్నారు, అది రాసుకోండి. క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే పోటీ) చూస్తూ ఈ మూడూ చెక్ చేసుకుంటే రేసు రోజు తడబాటు తగ్గుతుంది.

పేర్లు పలకడం వేరే తలనొప్పి. ఇంగ్లిష్ అక్షరాలు చూసి పలికితే ఫ్రెంచి పేర్లన్నీ పాడవుతాయి. డ్రైవర్ తన పేరు తానే చెప్పుకున్న వీడియో వెతికి, విని, తెలుగు లిపిలో రాసుకోండి. మన లిపి ఈ పనికి ఇంగ్లిష్ కంటే నయం, విన్నది విన్నట్టు రాయొచ్చు. ఒకసారి నిర్ణయించుకున్నాక సీజనంతా అదే పలకండి.

అర పేజీలో మిగిలిన చోట కథ రాసుకోండి. పుట్టిన తేదీ, ఎత్తు, బరువు కాదు. ఈ ట్రాక్‌లో పోయినసారి ఏమైంది, ఈ జట్టులో ఉంటాడా పోతాడా, పక్క కారువాడితో పడుతుందా లేదా. పది వాక్యాలు రాసుకుంటే రేసులో రెండు వాడతారు. మిగతా ఎనిమిదిటిని బలవంతంగా దూర్చకండి. చదివింది వృథా పోకూడదన్న దుగ్ధే కామెంటేటర్లను ఎక్కువగా చెడగొడుతుంది.

తెరమీది అంకెలను మాటలుగా మార్చడం

ఎడమ పక్కన డ్రైవర్ల పేర్ల నిలువు పట్టిక ఉంటుంది. దాంట్లో అంకెలు రెండు రకాలుగా వస్తాయి: ముందున్న కారుతో తేడా, లేదా మొదటి స్థానంలో ఉన్నవాడితో తేడా. ఏది నడుస్తోందో చూసుకోకుండా చదివితే ఐదో స్థానంలో ఉన్నవాడిని రెండో స్థానంవాడి పక్కన తెచ్చి నిలబెడతారు. నేను నిలబెట్టాను. రంగులు కూడా పట్టుకోండి: ఊదా వస్తే అందరికంటే వేగం, ఆకుపచ్చ వస్తే తన పాత సమయం కంటే మెరుగు, పసుపు వస్తే మెరుగు కాలేదు.

ఒక్క అంకె చదివితే దానికి విలువ లేదు. వరసగా మూడు ల్యాపుల్లో తేడా ఎలా మారిందో చెప్తే కథ మొదలవుతుంది. ముందువాడు ల్యాపుకు 1 నిమిషం 33.3 సెకన్లు తీసుకుంటున్నాడు, వెనకవాడు 1 నిమిషం 32.4. అంటే ల్యాపుకు 0.9 సెకన్లు తగ్గుతోంది. మధ్య దూరం 12 సెకన్లు, మిగిలినవి 15 ల్యాపులు. 12ను 0.9తో భాగించండి, 13 చిల్లర. "పట్టుకుంటాడు. కానీ దాటడానికి చేతిలో ఒక్క ల్యాపే ఉంటుంది" అని ఇప్పుడే చెప్పేయండి. ఇక చూసేవాడు టీవీ ముందు నుంచి లేవడు. ఈ లెక్క నోటికి రావాలి, కాగితం మీద కాదు. కిరాణా కొట్లో కూర్చుని పెరిగినవాళ్లకు ఇది తేలిక.

దశాంశాలను అలాగే చదవకండి. "సున్నా పాయింట్ రెండు ఐదు సెకన్లు" అంటే ఎవరికీ ఏమీ కనిపించదు. మనకు పావు, అర, ముప్పావు ఉన్నాయి. "పావు సెకను" అనండి. దాన్ని దూరంగా కూడా చూపించండి: ఆ వేగంలో పావు సెకను అంటే దాదాపు 20 మీటర్లు, ఇంచుమించు నాలుగు కార్ల పొడవు. రేసు మొత్తం 305 కిలోమీటర్లకు కాస్త పైన ఉంటుంది, మొనాకోలో తప్ప. ఒక వైపు లెక్కన మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు మూడుసార్లు పోయినంత. దాన్ని గంటన్నర అటూ ఇటూగా ముగిస్తారు.

మన రోడ్లతో వివరించండి

తెలుగు కామెంటరీకి నిజమైన బలం ఇక్కడే ఉంది, కొంచెం తీరుబడిగా చెప్తాను.

పిట్‌స్టాప్ తీసుకోండి. టైర్లు మార్చడానికి కారు ఆగేది రెండు మూడు సెకన్లే. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టు 1.80 సెకన్లలో ముగించింది. మరి పిట్‌కు వెళ్తే 20 సెకన్లకు పైగా ఎందుకు పోతుంది? నల్గొండ నుంచి హైదరాబాద్ పోయేవాళ్లకు పంతంగి టోల్‌గేట్ తెలుసు. ఫాస్టాగ్ ఉన్నా, గేటు దగ్గర ఆగేది కాసేపే అయినా, వేగం తగ్గించుకుని వరసలోకి రావడం, బయటపడి మళ్లీ వేగం అందుకోవడం, ఇవన్నీ కలిపి లెక్కేస్తే పోయిన కాలం వేరు. ఈలోగా టోల్ లేని దారిలో పోయేవాడు ఉంటే ఎంత దూరం పోతాడో ఊహించమనండి. పిట్ దారిలో గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు, మొనాకోలాంటి ఇరుకు చోట 60. పక్కన ప్రధాన ట్రాక్ మీద మిగతావాళ్లు 300తో పోతున్నారు. సంక్రాంతి రద్దీలో ఆ గేటు దాటిన మనిషికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

టైర్లు. ఎండిన ట్రాక్ మీద వాడే టైరుకు గాళ్లు, అంటే చారలుగా కోసిన గాడులు ఉండవు, నున్నగా ఉంటుంది. మన భాషలో గుండు టైరు. మా ఊళ్లో గుండు టైరు అంటే అరిగిపోయింది, పోలీసు ఆపుతాడు. ఇక్కడ కావాలనే గుండు చేశారు: గాళ్లు లేకపోతే రబ్బరు ఎక్కువగా రోడ్డును తాకుతుంది, పట్టు పెరుగుతుంది. వాన పడితే అదే టైరు కింద నీళ్లు పోయే దారి లేక కారు తేలిపోతుంది, అప్పుడు గాళ్లున్నవి వేస్తారు. రంగులు చెప్పండి: ఎరుపు మెత్తది, పసుపు మధ్యరకం, తెలుపు గట్టిది, ఆకుపచ్చ చిరుజల్లుకు, నీలం జోరువానకు. మెత్తది వెంటనే పట్టిస్తుంది, తొందరగా అరుగుతుంది. గట్టిది మొదట మొరాయించినా చాలా దూరం వస్తుంది. "గుండు టైరు" అన్న మాట మొదటిసారి వాడినప్పుడు పక్కనున్నవాళ్లు నవ్వారు. తర్వాత వాళ్లూ అదే వాడారు.

ముందు కారు వెనక చేరితే వేగం ఎందుకు పెరుగుతుంది? జడ్చర్ల హైవే మీద ఎదురుగాలిలో బైకు తోలుతూ ఆర్టీసీ బస్సు వెనక చేరినవాడికి తెలుసు. గాలి హఠాత్తుగా ఆగిపోయి బండి తేలిగ్గా ఉరుకుతుంది. ఆ పని చేయొద్దని కూడా కామెంటరీలోనే ఒక మాట అనండి, పిల్లలు వింటుంటారు. మరి అదే కారు మలుపులోకి వచ్చేసరికి వెనకబడిపోతుందేం? రేసు కారు రెక్కలు గాలిని వాడుకుని కారును నేలకు అదుముతాయి. ముందు కారు ఆ గాలిని చిందరవందర చేసి వదులుతుంది. బర్రెలు ముందు దిగిన చెరువులో వెనక దిగిన బర్రెలకు బురద నీళ్లే మిగిలినట్టు. అదుపు తగ్గుతుంది, టైర్లు జారి వేడెక్కుతాయి. తిన్నటి దారిలో వెనక ఉండటం లాభం, మలుపులో నష్టం. ఈ ఒక్క సంగతి అర్థమైతే "దాటొచ్చు కదా, ఎందుకు దాటడం లేదు?" అన్న మా నాయిన రెండో ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

దాటలేనప్పుడు జట్లు ఒక ఎత్తు వేస్తాయి. ముందువాడికంటే ఒక ల్యాపు ముందే పిట్‌కు పోయి కొత్త టైర్లు వేసుకుని, అతను పాత టైర్లతో ఈడుస్తున్నంతసేపట్లో కాలం మిగుల్చుకోవడం. ఇంగ్లిష్‌లో అండర్‌కట్ అంటారు. నేను "ముందే మార్చి ముంచడం" అంటాను. దీనికి తిరగేసిన ఎత్తు ఓవర్‌కట్, "ఆగి అందుకోవడం." మీకు వేరే మాట తడితే అది వాడండి, కానీ మొదటిసారి చెప్పినప్పుడు ఇంగ్లిష్ పేరు కూడా కలిపి చెప్పండి, ఎందుకంటే తెరమీద అదే పడుతుంది.

అన్నిటినీ తెలుగు చేయాలన్న పట్టుదల మాత్రం వద్దు. పిట్, ల్యాపు, టైరు, బ్రేకు, సేఫ్టీ కారు ఇవి మన మాటలే అయిపోయాయి. డ్రైవర్‌ను "చోదకుడు" అన్నారంటే మా ఊళ్లో చానల్ మార్చేస్తారు. మలుపు, పట్టు, అరుగుడు, జారుడు, ఒరుసుకోవడం, ఇరుక్కుపోవడం వంటి మాటలను ఇంగ్లిష్‌లో చెప్పడం అంతకంటే సిగ్గుచేటు. ఇంకో చిక్కు: డీఆర్‌ఎస్ అంటే మన జనానికి క్రికెట్‌లో అంపైర్ నిర్ణయం మీద అప్పీలు. ఫార్ములా వన్‌లో 2011 నుంచి 2025 వరకు అది వెనక రెక్క తెరుచుకునే ఏర్పాటు. పాత రేసులతో సాధన చేసేటప్పుడు ఆ మాట వచ్చిన ప్రతిసారీ "వెనక రెక్క తెరిచాడు" అని చెప్పండి, చాలు. 2026 నుంచి అది పోయి, ముందు వెనక రెక్కలు రెండూ కదిలే పద్ధతి, ముందు కారుకు ఒక్క సెకను లోపు వెంట ఉన్నవాడికి అదనపు విద్యుత్ బలం వచ్చాయి.

జోడీ

ఒక్కరే గంటన్నర లాగడం కష్టం, వినడం ఇంకా కష్టం. ఇద్దరుంటే పని పంచుకోండి: ఒకరు ఏం జరిగిందో, రెండోవారు ఎందుకు జరిగిందో. కార్లు పక్కపక్కన పోతున్నంతసేపు రెండోవారు నోరు మూసుకోవాలి. బీబీసీలో మర్రీ వాకర్, 1976 ప్రపంచ చాంపియన్ జేమ్స్ హంట్ 1980 నుంచి 1993 దాకా జోడీగా చెప్పారు. వాకర్ ఉత్సాహం ఉరుకులు, హంట్ ఎదురుగా కుండబద్దలు కొట్టే రకం. ఇద్దరికీ ఒకటే మైకు ఇచ్చారు, చేతులు మారితే తప్ప రెండోవారి గొంతు వినబడదు. సాధన చేసేటప్పుడు మీరూ ఒక ఫోన్‌నే చేతులు మార్చుకుని చూడండి. ఎవరు ఎవరి మాటలో దూరుతున్నారో తేలిపోతుంది.

రెండోవారు స్వయంగా బండి తోలినవాళ్లయితే మంచిది. 2010లో ఫార్ములా వన్‌లో పోటీపడిన చెన్నై డ్రైవర్ కరుణ్ చందోక్ ఇప్పుడు బ్రిటన్‌లో స్కై చానల్‌కు విశ్లేషణ చెప్తున్నాడు. డ్రైవర్ చెయ్యి స్టీరింగ్ మీద ఎలా కదిలిందో చూసి అసలు సంగతి చెప్పగలగడం అతని ప్రత్యేకత. మీకు అలాంటివాళ్లు దొరక్కపోతే, లారీ మెకానిక్‌నో, కార్టింగ్ చేసే కుర్రాడినో పక్కన పెట్టుకోండి. టైరు వాసన తెలిసినవాడు చెప్పే ఒక్క మాట వేరు.

సంబోధన కూడా ముందే తేల్చుకోండి. "హామిల్టన్ వచ్చాడు" అనడం అమర్యాద కాదు, ఆటలో అది చెల్లుతుంది. "గారు" పెడితే ఉరుకు పోతుంది. అమ్మాయిలు నడిపే రేసుల పోటీ ఎఫ్‌1 అకాడమీ 2023లో మొదలైంది. అక్కడ "వచ్చింది" అనాలా "వచ్చారు" అనాలా? నేను "వచ్చింది" అనే అంటాను, మగవాళ్లకు "వచ్చాడు" అన్నప్పుడు అదే సమానం. ఇంటర్వ్యూలో మాత్రం ఎవరైనా "మీరే".

మొదలయ్యే క్షణం

ఐదు ఎర్ర దీపాలు ఒకటొకటిగా వెలుగుతాయి. అన్నీ ఒకేసారి ఆరిపోతే రేసు మొదలు. ఆరడానికి ముందు మాట ఆపేయండి. ఆరాక ఒక్క చిన్న పొలికేక చాలు, అది మీ సొంతది అయుండాలి, ఇంగ్లిష్ కామెంటేటర్ మాటకు అనువాదం కాకూడదు. మొదటి మలుపు దాకా మొదటి ముగ్గురి పేర్లే చెప్పండి. వెనక ఎవరో తిరగబడ్డారని తెలిసినా సరే, ముందు వరస ఖాయమయ్యాకే అటు పోండి.

ఊరుకోవడం

1996లో జపాన్‌లోని సుజుకాలో డేమన్ హిల్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు మర్రీ వాకర్, గొంతులో ఏదో అడ్డుపడుతోంది, ఆపాలి అని చెప్పి ఆగిపోయాడు. జీవితమంతా అరుస్తూ చెప్పిన మనిషి అక్కడ ఆగడమే జనానికి గుర్తుండిపోయింది. ఇంజిన్ మోత, జనం హోరు, డ్రైవర్‌కు జట్టుతో రేడియోలో మాటలు, వీటి మీద మాట్లాడకండి. రేడియో ఇంగ్లిష్‌లో వస్తుంది కాబట్టి, పూర్తయ్యాక తెలుగులో సారం ఒక్క వాక్యంలో చెప్పండి. మాట మాటకూ అనువాదం చేస్తే తర్వాతి మలుపు తప్పిపోతుంది.

ప్రమాదం

దీని గురించి ముందే కూర్చుని నిర్ణయించుకోవాలి, అప్పుడు ఆలోచించడానికి వ్యవధి ఉండదు.

2020 నవంబరు 29న బహ్రెయిన్ రేసు మొదటి ల్యాపులోనే రొమాన్ గ్రోజాన్ కారు పక్కనున్న ఇనుప కంచెను చీల్చుకుపోయి రెండు ముక్కలై మండిపోయింది. దాదాపు 28 సెకన్లు అతను మంటల్లో ఉన్నాడు, తర్వాత బయటికి వచ్చాడు. అతను క్షేమమని తేలేదాకా ప్రసారంలో ఆ గుద్దుడును మళ్లీ చూపించలేదు. తల చుట్టూ ఉండే హేలో అనే లోహపు కమ్మీ 2018లో తప్పనిసరైంది. మొదట అందవికారమని దాన్ని తిట్టినవాళ్లు చాలామంది ఆ రోజుతో మాట మార్చుకున్నారు.

అలాంటప్పుడు మీ దగ్గర రెండు మూడు వాక్యాలు సిద్ధంగా ఉండాలి. "పెద్ద ప్రమాదం. ఎర్ర జెండా పడింది, రేసు ఆగింది. డ్రైవర్ గురించి కబురు కోసం చూస్తున్నాం." గొంతు తగ్గించండి. "అయ్యో దేవుడా" ఒకసారి చాలు. ఎలా ఉన్నాడో, ఏమై ఉంటుందో ఊహ వద్దు, ప్రాణం సంగతి అసలే వద్దు. ఆ డ్రైవర్ తల్లి కూడా ఎక్కడో ఇదే బొమ్మ చూస్తోందని అనుకుని మాట్లాడండి. తెలిసింది అయిపోతే ఊరుకోండి. నియమాలు చెప్పొచ్చు, డాక్టర్ కారు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పొచ్చు. తప్పు ఎవరిదన్న చర్చ అతను నడిచి వచ్చాకే.

తప్పులు, ఫలితాలు

తప్పు చెప్పారా, వెంటనే "కాదు, అది నోరిస్ కాదు, పియాస్త్రి" అని దిద్దుకుని ముందుకు పోండి. వాకర్ తప్పులకు పేరుమోసినవాడు, జనం అతన్ని ఇంకా ఎక్కువ ప్రేమించారు, ఎందుకంటే దాచుకునేవాడు కాదు. తప్పును కప్పిపుచ్చడానికి మూడు వాక్యాలు నేస్తే మాత్రం జనం క్షమించరు.

గెలిచినవాడి పేరు చెప్పేటప్పుడు "రేసు ముగిసింది" అనండి, "ఫలితం ఖాయం" అనకండి. మన హైదరాబాద్‌లోనే చూశాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ మొదటివాడు, నిక్ కాసిడీ రెండోవాడు. మూడోవాడుగా గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీకి పరిమితికి మించి పవర్ వాడినందుకు శిక్ష పడి, ఆ చోటు ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు దక్కింది.

అందుకే నియమాల పుస్తకంలో కనీసం సేఫ్టీ కారు (ప్రమాదం జరిగితే అందరి ముందు నెమ్మదిగా నడిచే కారు), శిక్షలు, ఎర్ర జెండా తర్వాత ఏం చేస్తారు అన్న భాగాలు చదవండి. 2021 డిసెంబరు 12న అబుదాబిలో 58 ల్యాపుల రేసులో 53వ ల్యాపులో ఒక కారు గోడకు తగిలింది, సేఫ్టీ కారు వచ్చింది. రెండో స్థానంలో ఉన్న వెర్‌స్టాపెన్ కొత్త మెత్త టైర్లు వేసుకున్నాడు, ముందున్న హామిల్టన్ పాత గట్టి టైర్లతోనే ఉండిపోయాడు. వాళ్లిద్దరి మధ్యలో ఉన్న, ఒక ల్యాపు వెనకబడిన ఐదు కార్లను ముందుకు పంపేసి, చివరి ఒక్క ల్యాపు రేసు నడిపారు. ప్రపంచ టైటిల్ ఆ ల్యాపులో చేతులు మారింది. ఆ పూట "ఇది నియమమేనా?" అన్నదే చూసేవాళ్లందరి ప్రశ్న. చదువుకుని రానివాడికి నోరు పెగలదు. ఆ రేసు రికార్డింగ్ దొరికితే శబ్దం తీసేసి చివరి ఆరు ల్యాపులు మీరు చెప్పి చూడండి.

కెమెరా ముందు

యాంకరింగ్ గురించి తక్కువే చెప్తాను, నాకు దాంట్లో పెద్ద నేర్పు లేదు. రేసుకు ముందు కార్ల మధ్య నడుస్తూ మాట్లాడే పద్ధతిని మాజీ డ్రైవర్ మార్టిన్ బ్రండిల్ 1997లో మొదలుపెట్టాడు. అది పనిచేయడానికి కారణం మొరటుదనం: ఎవరో మొహం తిప్పుకుంటారు, ఎవరో నెట్టేస్తారు, అదంతా చూపిస్తాడు. ఇంటర్వ్యూలో ఒకటే ప్రశ్న, ఒకటే వాక్యం. "ఈ గెలుపు మీకు ఎలా అనిపిస్తోంది?" అని అడిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. "ముప్పయ్యో ల్యాపులో పిట్‌కు రమ్మంటే ఎందుకు రాలేదు?" అని అడగండి.

సాధన

ఫార్ములా వన్ వాళ్ల సొంత యూట్యూబ్ చానల్‌లో హైలైట్స్ ఉంటాయి. శబ్దం తీసేసి చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేయండి. రేసు దృశ్యాలను మీ చానల్‌లో పెట్టొద్దు, హక్కులు వేరేవాళ్లవి, చానలే పోతుంది. గొంతు ఒక్కటే పెట్టుకోవచ్చు. రికార్డు చేసిన వెంటనే వినకండి, మర్నాడు వినండి. "అద్భుతం" ఎన్నిసార్లు అన్నారో గీతలు గీయండి. నా మొదటి రికార్డింగ్‌లో ముప్పై దాటాయి, లెక్కపెట్టడం ఆపేశాను. తర్వాత రేసులంటే గిట్టని మనిషికి వినిపించండి, ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న రాసుకోండి. మళ్లీసారి ఆ జవాబు వాళ్లు అడగకముందే రావాలి.

గొంతుకు గోరువెచ్చని నీళ్లు. అరుపులు ఆఖరి పది ల్యాపులకు దాచుకోండి. కబడ్డీలో రెయిడ్ ముప్పై సెకన్లు, ఇక్కడ గంటన్నర.

చివరగా, చెవిలో ప్రొడ్యూసర్ గొంతు. మీరు మాట్లాడుతుండగానే "పది, తొమ్మిది, ఎనిమిది" అని లెక్కపెడతారు, సున్నా అనగానే ప్రకటనలు. ఇంట్లో తమ్ముడినో చెల్లెనో వెనక నిలబెట్టి, ఇష్టం వచ్చినప్పుడు లెక్కపెట్టమనండి. మొదట్లో వాక్యం సగంలో తెగిపోతుంది. క్రియ ముందు చెప్పడం అలవాటయ్యాక, ఎక్కడ తెగినా సంగతి మాత్రం అప్పటికే చెప్పేసి ఉంటారు.